కొండ గింజ... కడలి కప్పు

సముద్రం కనిపించే కాఫీ షాపు విశాఖలో ఎక్కడైనా దొరుకుతుంది. తాగి వచ్చాక కూడా నాలుక మీద నిలిచే కాఫీని మాత్రం వెతుక్కోవాలి. ఆ వెతుకులాటకు దారి బీచ్ రోడ్డు నుంచి తూర్పు కనుమల దాకా ఉంది.

‘ఈ గింజలు ఎక్కడివండీ?’

విశాఖపట్నంలో ఏ కాఫీ షాపులో కూర్చున్నా మెనూ కార్డు అందుకునే ముందు ఈ ఒక్క మాట అడిగి చూడండి. చాలాచోట్ల ‘కంపెనీ నుంచి ప్యాకెట్లు వస్తాయండీ’ అంటారు. అలాంటి చోట మనమిచ్చే డబ్బులు ఏసీకీ, సోఫాకీ, కిటికీలోంచి కనిపించే అలలకీ చెల్లుతాయి. ఇంకొన్నిచోట్ల కాస్త గర్వంగా ‘అరకువండీ’ అంటారు. అప్పుడు ఇంకో ప్రశ్న వేయాలి. ‘అరకులో ఏ వైపు? ఎప్పుడు వేయించారు?’ చాలామంది ఇక్కడ ఆగిపోతారు. తడుముకోకుండా, ‘పాడేరు అవతల జి.మాడుగుల వైపు నుంచి తెప్పించామండీ, పోయిన బుధవారం వేయించాం’ అని చెప్పే కొట్టు ఒకటి దొరికిందా, ఇక కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఇది విశాఖ కాబట్టి. మన దేశానికి పొడవాటి తీరం ఉంది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి కాఫీ తోటకు చేరుకోగలిగిన తీర నగరాలు మాత్రం కొన్నే. అడవిలో ఉసిరికీ సముద్రంలో ఉప్పుకీ జత కుదిరినట్టు, కొండ మీది గింజకీ ఈ తీరానికీ జత కుదిరింది. తోటకు ఇంత దగ్గర్లో ఉండి, ఎక్కడో వేయించి ఎప్పుడో పొడి చేసిన కాఫీ తాగి ఇంటికి రావడానికి నాకు మనసొప్పదు.

అలల పక్కన

తెల్లవారుజామున ఆర్కే బీచ్ నడిచేవాళ్లది. కాళీమాత గుడి, కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం... ఆ బారున ఫుట్‌పాత్ మీద జనం కిక్కిరిసి ఉంటారు. నడక అయ్యాక చేతిలోకి వచ్చేది ఎక్కువగా టీ గ్లాసే. కాఫీ కావాలంటే బండాయన ‘ఇప్పుడే కలిపేత్తాను బాబూ’ అంటూ వేడి పాలల్లో ఇన్‌స్టెంట్ పొడి వేసి తిరగబోస్తాడు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. తడిగాలిలో అది వేడిగా, తియ్యగా గొంతు దిగుతుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ పొడితో మనకు చుట్టరికం కూడా ఉంది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలోని సీసీఎల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఇన్‌స్టెంట్ కాఫీ దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. అయితే పొడిని పెద్ద ఎత్తున కాచి, ఆ చిక్కటి కషాయాన్ని ఆరబెట్టి రేణువులుగా చేస్తారు కాబట్టి తోట జాడ అందులో దాదాపు మిగలదు. మనం వెతుకుతున్నది ఆ జాడనే.

సముద్రానికి ఎదురుగా, మేడల మీద, అద్దాల వెనక ఉన్న షాపులు సాయంత్రం నాలుగు దాటాక నిండిపోతాయి. కూర్చోవడానికి వాటికి మించిన చోటు లేదు. నా లెక్కలో కాఫీ బాగుండేది మాత్రం సముద్రానికి రెండు మూడు వీధులు వెనక్కి వెళ్లాకే. లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ, సిరిపురం, కిర్లంపూడి లేఅవుట్, వాల్తేరు అప్‌ల్యాండ్స్... ఇళ్ల మధ్య, చెట్ల కింద, పాత ఇంటి వరండానే కొట్టుగా మార్చిన చోట్ల వెతకాలి. కారణం తేలికే. బీచ్ రోడ్డు మీద అద్దె ఎక్కువ. అక్కడికి వచ్చే జనం కూడా కాఫీ కోసం కన్నా కబుర్ల కోసం, ఫొటోల కోసం వస్తారు. పర్యాటకుడు మళ్లీ వస్తాడన్న నమ్మకం ఉండదు. వెనక వీధిలోని కొట్టుకు చూపించడానికి సముద్రం లేదు. రోజూ వచ్చే ఆ వీధివాళ్లే దాని ఆస్తి. వాళ్లు మళ్లీ రావాలంటే కప్పులో ఏదో ఉండాలి.

రుషికొండ దాటి భీమిలి దారిలో వెళ్తే కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ చెక్క మెట్లు, వెడల్పాటి డెక్కులు, ఐటీ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు. ఎక్కువగా అమ్ముడయ్యేది ఐసు వేసిన కాఫీ. ఆ ఎండకి అదే న్యాయం. వాటిలో కోల్డ్ బ్రూ అనేదాన్ని ఒకసారి రుచి చూడండి. ముతకగా మరపట్టిన పొడిని చల్లటి నీళ్లలో పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు నానబెట్టి వడగడతారు. చేదు తగ్గుతుంది, సహజమైన తీపి పైకొస్తుంది, పాలూ పంచదారా అక్కర్లేదు. ఐస్‌క్రీమ్ ముద్దలు వేసి గిలకొట్టిన కోల్డ్ కాఫీ వేరు, ఇది వేరు. భీమిలి దాకా వెళ్తే పాత డచ్చి సమాధులు ఎలాగూ చూస్తారు కదా. ఆ డచ్చి కంపెనీయే 1690ల్లో మన మలబారు నుంచి కాఫీ మొక్కల్ని జావాకు తీసుకెళ్లింది.

ఇక్కడ షాపుల పేర్లతో పట్టిక ఇస్తారని చూసేవాళ్లకు ఒక మాట. ఈ తీరంలో కొట్లు తెరుచుకున్నంత వేగంగా మూతపడతాయి. కొట్టు నిలిచినా, మెషీన్ దగ్గర నిలబడే కుర్రాడు మారితే రుచి మారిపోతుంది. ఈ ఏడాది పట్టిక వచ్చే ఏడాదికి పనికిరాదు. మంచి కొట్టును గుర్తుపట్టడం వస్తే మాత్రం విశాఖలోనే కాదు, ఏ ఊరు వెళ్లినా అక్కరకొస్తుంది.

మన్యం దారి

గుర్తుపట్టాలంటే ముందు ఆ గింజ వెనక ఉన్న కొండల సంగతి తెలియాలి. మన్యంలో కాఫీకి నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదట నాటించాడు. 1920ల్లో జయపురం జమీందార్లు అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు తెచ్చారు. 1956లో గిరిజన సహకార సంస్థ, మనందరి నోట్లో జీసీసీ, విశాఖ కేంద్రంగా పుట్టింది. 1960ల్లో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో పది వేల ఎకరాలకు పైగా కాఫీ వేసింది. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా మొక్కలు గిరిజనుల సొంత భూముల్లోకి చేరాయి. అసలు మలుపు అదే. కొండవాలు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి ఇంకో వాలుకి మారే పోడు సాగుకి కాఫీ ఒక ప్రత్యామ్నాయం చూపించింది. అరబికా కాఫీకి నీడ కావాలి. నీడ కావాలంటే చెట్టు నిలవాలి. అందుకే తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల పాదులు, మధ్యలో అడవి చెట్లు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు ఉంటాయి. ఎకరమో రెండెకరాలో ఉన్న బగత, కొండదొర, కోంద్, వాల్మీకి కుటుంబాలకు మిరియం ఒక పంట, కాఫీ ఒక పంట.

ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతంలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ సాగవుతోంది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఒక్క అరకు లోయకే పరిమితం కాదు. సముద్రమట్టానికి దాదాపు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉన్న విశాఖ మన్యం కొండలు, వాటికి ఆనుకున్న ఒడిశా ప్రాంతం దాని పరిధిలో ఉన్నాయి. కాబట్టి షాపువాళ్లు ‘అరకు’ అన్నప్పుడు అది అనంతగిరి కావచ్చు, పాడేరు కావచ్చు, పెదబయలు కావచ్చు, చింతపల్లి కావచ్చు. ఎత్తు మారితే, వాన మారితే, పండు కోసిన తీరు మారితే రుచి మారుతుంది. ఊరి పేరు అడగడంలో ఉన్న అర్థం ఇదే.

ప్యారిస్ ఈ కాఫీని మనకన్నా ముందు పట్టించుకుంది. నాంది ఫౌండేషన్ గిరిజన రైతులతో కలిసి నిలబెట్టిన ‘అరకు’ బ్రాండ్ 2017లో ప్యారిస్‌లో కాఫీ షాపు తెరిచింది. 2018లో అక్కడి ప్రి ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం అందుకుంది. 2021లో బెంగళూరు ఇందిరానగర్‌కు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో అరకు కాఫీని ప్రస్తావించారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్లు వెలిశాయి. ఇవన్నీ సంతోషించాల్సిన విషయాలే. నాకు ఇంకా ఎక్కువ సంతోషం కలిగించేది మాత్రం, విశాఖలో పాతికేళ్ల కుర్రాళ్లు చిన్న రోస్టింగ్ మెషీన్ కొనుక్కుని, మన్యం ఎక్కి, రైతు దగ్గర కూర్చుని గింజలు ఎంచుకోవడం.

ఒక గింజ, కొన్ని రోజులు

నవంబరు నుంచి జనవరి దాకా పంట కోత. ఒక కొమ్మ మీదే ఆకుపచ్చ కాయ, పసుపు కాయ, ఎర్ర పండు పక్కపక్కన ఉంటాయి. ముదురు ఎరుపు తిరిగినదాన్నే వేళ్లతో మెలిపెట్టి కోయాలి. మళ్లీ వారం పది రోజులకు అదే మొక్క దగ్గరికి రావాలి. ఓపిక లేకపోయినా, డబ్బు అవసరం తరుముకొచ్చినా కొమ్మంతా ఒక్కసారే దూసేస్తారు. ఆకుపచ్చ కాయ కలిసిందంటే కప్పులో నోరు పట్టేసే వగరు వస్తుంది. దాన్ని ఏ మెషీనూ తీసేయలేదు.

కోసిన పండుని ఆ రోజే పల్పర్‌లో వేసి తోలు తీయాలి. తోలు పోయాక గింజ చుట్టూ జారుడు జిగురు ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే సబ్బుముక్కలా జారిపోతుంది. తొట్టెలో ఒక రోజు, ఒకటిన్నర రోజు పులియబెడితే ఆ జిగురు కరుగుతుంది. అప్పుడు గుప్పెడు గింజలు తీసి చేతిలో నలిపి చూస్తారు. గరగరమంటే కడగడానికి సిద్ధమైనట్టు. ఇంకాస్త ఆలస్యమైతే పులిసిన కల్లు వాసన గింజలోకి దిగిపోతుంది. కడిగాక ఎండబెట్టాలి. నేల మీద పరిస్తే మట్టి వాసన పడుతుంది. నేలకు ఎత్తుగా వల మంచెలు కట్టి, పల్చగా పరిచి, రోజూ తిరగేస్తూ తేమ పది, పన్నెండు శాతానికి దిగేదాకా ఆరబెట్టడం అసలైన పద్ధతి. మీద పలచటి పెంకు మిగిలిన ఆ గింజే పార్చ్‌మెంట్. తోలు తీయకుండా పండు మొత్తాన్ని ఎండబెడితే చెర్రీ. ఏజెన్సీ సంతల్లో, జీసీసీ కొనుగోలు కేంద్రాల్లో ఈ రెండు పేర్లే వినిపిస్తాయి. ఐదారు కిలోల పండ్లు కోస్తే చివరికి మిగిలేది కిలో పచ్చి గింజ. అది వేయిస్తే ఇంకో పదిహేను, ఇరవై శాతం బరువు తగ్గుతుంది.

మంచి కాఫీ షాపు యజమాని ఈ తతంగంలో ఎక్కడో ఒకచోట చేయి పెట్టి ఉంటాడు. కనీసం చూసి ఉంటాడు. అతన్ని మాట్లాడించండి. మంచెల గురించి, పులియబెట్టిన గంటల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేరు.

ఉప్పుగాలితో పేచీ

తీరంలో కాఫీ కొట్టు నడపడం కొండ మీద నడిపినంత సుఖం కాదు. వేయించిన గింజలో తేమ రెండు మూడు శాతమే ఉంటుంది. అది చుట్టూ గాలిలో ఉన్న తేమని స్పాంజిలా పీల్చేస్తుంది. విశాఖ గాలిలో తేమకు ఏ నెలలోనూ కరువు లేదు. తలుపులు తెరిచిపెట్టిన బీచ్ షాపులో, గ్రైండర్ మీది గాజు డబ్బాలో రాత్రంతా వదిలేసిన గింజ తెల్లారేసరికి వాసన కోల్పోతుంది. పొడి ఉండలు కడుతుంది. పొద్దున ఏసీ వేసినప్పుడు సరిపోయిన మర అమరిక, మధ్యాహ్నం జనం వచ్చి తలుపులు తెరుచుకుంటే సరిపోదు. తేమకు పొడి ఉబ్బి, నీళ్లు నెమ్మదిగా దిగి, కాఫీ చేదెక్కుతుంది. పని తెలిసిన బరిస్టా, అంటే మెషీన్ దగ్గర కాఫీ చేసేవాడు, రోజుకు రెండు మూడుసార్లు మర సరిచేస్తాడు. కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు నిలబడితే ఈ పని జరుగుతోందో లేదో కనిపిస్తుంది. చిన్న తూకం యంత్రం మీద పొడి కొలుస్తున్నాడా? మొదటి షాటు దిగిన తీరు నచ్చక పారబోశాడా? పారబోసే చోట ధైర్యంగా ఆర్డరివ్వండి.

ఇంకో గుర్తు ఆ గాజు డబ్బానే. లోపలి గోడలకు గోధుమరంగు జిడ్డు పేరుకుని ఉంటే, మూత తీసినప్పుడు పాత నూనె వాసన కొడితే, లేచి వచ్చేయొచ్చు. గింజలోంచి బయటికొచ్చిన నూనె గాలికి పాడై డబ్బాకు అంటుకుంటుంది. కొత్త గింజలు పోసినా ఆ వాసన వాటికీ పడుతుంది. పాలు నురగ కట్టే స్టీలు గొట్టాన్ని కూడా చూడండి. ప్రతి కప్పు తర్వాత తడిగుడ్డతో తుడవాలి. దాని మీద ఎండిన పాలు తెల్లటి పొరగా ఉన్నాయంటే, లోపల కనిపించని భాగాల సంగతి చెప్పక్కర్లేదు.

నీళ్ల గురించి ఎవరూ అడగరు గానీ, కప్పులో అత్యధిక భాగం నీళ్లే. తీరం పక్కన బోరు నీళ్లలో ఉప్పు కలిస్తే కాఫీ రుచి మొద్దుబారుతుంది. అలాగని ఆర్వో పెట్టి ఖనిజాలన్నీ తీసేసినా ఒప్పదు. గింజలోని రుచిని పైకి లాగడానికి కొంచెం ఖనిజం కావాలి. లీటరుకు నూటయాభై మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే బాగుంటుందన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకునే లెక్క. శ్రద్ధ ఉన్న కొట్లు ఆర్వో నీళ్లలో కొంత మామూలు నీళ్లు కలిపి ఆ లెక్కకు తెచ్చుకుంటాయి. ఈ ఒక్క విషయం మీద యజమానిని కదిపితే అతని పనితనం మొత్తం తెలిసిపోతుంది.

ఫిల్టర్ కాఫీ లెక్క వేరు

ఇంతవరకూ చెప్పింది ఎక్కువగా మెషీన్ కాఫీ గురించే. మనలో చాలామందికి కాఫీ అంటే ఫిల్టర్ కాఫీయే. దానికి బీచ్ వదిలేసి ద్వారకానగర్, సూర్యాబాగ్ వైపు టిఫిన్ హోటళ్లకు రావాలి. పొద్దున ఆరూ ఎనిమిదీ మధ్య రావాలి. అప్పుడు దిగిన మొదటి డికాక్షన్ కమ్మగా ఉంటుంది. దాన్నే వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి పదకొండింటి దాకా వాడితే చేదు తప్ప ఏమీ మిగలదు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ కొత్త డికాక్షన్ దించే హోటలేదో కనుక్కుని పెట్టుకోండి. పాలు మరగకాచి మీగడ తేలినవైతే కాఫీ వాసనను మింగేస్తాయి. ఒకసారి పొంగిన చిక్కటి పాలు చాలు. ఇత్తడి గ్లాసూ దబరా చూసి మోసపోవద్దు. అవి ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఫిల్టర్ పొడిలో చికోరీ ఉంటుంది. అదొక మొక్క వేరు. ఎండబెట్టి వేయించి కలుపుతారు. కెఫీన్ ఉండదు, చిక్కదనం, రంగు ఇస్తుంది, డికాక్షన్ నెమ్మదిగా దిగేలా చేస్తుంది. నియమాల ప్రకారం మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత చికోరీ కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. ఎనభై-ఇరవై మిశ్రమం నాకిష్టం. సగానికి కాస్త తక్కువగా చికోరీ కలిపిన పొడిని అమ్మడం చట్టం లెక్కలో తప్పు కాకపోవచ్చు. తాగేవాడికి మాత్రం అన్యాయమే. విశాఖ హోటళ్లలో ఫిల్టర్ పొడి చాలావరకు చిక్కమగళూరు, కొడగు గింజలదే. దేశపు కాఫీలో డెబ్భై శాతం పండించేది కర్ణాటక. కొంచెం రోబస్టా రకం గింజ కలిస్తే పాలల్లో నిలిచే బలం వస్తుంది. అందులో తప్పు లేదు. నా కోరికల్లా ఒకటే, అరకు అరబికాను చికోరీతో కలిపి, నల్లగా మాడ్చి, దాని సున్నితమైన వాసన పోగొట్టి ‘అరకు ఫిల్టర్ కాఫీ’ అని అమ్మొద్దు. చికోరీ లేకుండా, మధ్యస్థంగా వేయించిన పొడితో, పాలు కాస్త తగ్గించి ఇచ్చే హోటళ్లు కొన్ని ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటిని వదులుకోకండి.

పులుపంటే భయపడొద్దు

మంచి అరకు కాఫీని మొదటిసారి పాలు లేకుండా తాగినవాళ్లు మొహం చిట్లించి ‘పుల్లగా ఉందేంటి?’ అంటారు. లేతగా వేయించిన అరబికాలో పండు తాలూకు పులుపు ఉంటుంది. ఎంతైనా అది ఒక పండులోని గింజ కదా. పాడైన పాల పులుపు, నిమ్మ తొనలోని పులుపు ఒకటి కానట్టే ఇదీ వేరు. పంచదార వేయకముందు రెండు గుక్కలు తాగండి. కప్పు కాస్త చల్లారాక మళ్లీ తాగండి. వేడి తగ్గేకొద్దీ బెల్లం, నారింజ, కొన్నిసార్లు కోకో ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. చల్లారాక కూడా బాగున్న కాఫీయే మంచి కాఫీ. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు. పొగలు కక్కే వేడిలో ఏ తప్పైనా దాక్కుంటుంది. పోర్ ఓవర్ అనే వడపోత పద్ధతిలో చేసిన కప్పుతో మొదలుపెడితే ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. పదిహేను గ్రాముల పొడి, పావు లీటరు నీళ్లు, మూడు నాలుగు నిమిషాల ఓపిక. అందులో దాచడానికి పాలూ నురగా ఉండవు.

కప్పు నుంచి కొండకు

పాడేరు కొండల్లో రైతు కష్టం ఇంకా తీరలేదు. తూకంలో, ధరలో దళారీలు ఆడిన ఆట ఇక్కడ పాత కథ. జీసీసీ కొనుగోళ్లు, సహకార సంఘాలు, నేరుగా కొనే చిన్న రోస్టర్లు వచ్చాక ఆ పట్టు కొంత సడలింది. ఎర్ర పండుకు ఎక్కువ ధర దక్కుతుందని తెలిశాక కోత తీరు మారింది. నాణ్యతకు విలువ కట్టే కొనుగోలుదారు లేనప్పుడు ఏ రైతూ ఒకే మొక్క దగ్గరికి నాలుగుసార్లు రాడు. రావాల్సిన అవసరమూ లేదు. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. ఆవగింజంత పురుగు అది. కాయకు సూదిమొనంత బెజ్జం పెట్టి లోపలి గింజను తినేస్తుంది. దాన్ని అదుపు చేయాలంటే రాలిన కాయలు ఏరాలి, మొక్క మీద ఒక్క పండూ మిగలకుండా కోయాలి, ఉచ్చులు పెట్టాలి. ఇదంతా కూలి ఖర్చు. ఆ ఖర్చు రైతు చేతికి తిరిగి రావాలంటే ఈ తీరంలో తాగేవాళ్లు మంచి గింజకు మంచి ధర ఇవ్వడానికి అలవాటు పడాలి. నగరంలో కాఫీ షాపులో మనం చెల్లించే బిల్లులో గింజ వాటా చాలా చిన్నది. దాన్ని కొంచెం పెంచినా కప్పు ధర పెద్దగా కదలదు. కొండ మీది ఇంట్లో మాత్రం అది పెద్ద తేడా.

షాపు యజమానులకు నా విన్నపం. బోర్డు మీద కాపుచినో ధర పక్కన గింజ పండిన మండలం పేరు, వేయించిన తేదీ రాయండి. సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేం అవ్వదు. దాచడానికి ఏమీ లేని కొట్టు ఏదో ఊరికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక పాఠకులకు. విశాఖ వస్తే మూడు నెలలకు సరిపడా పొడి కట్టించుకుని తీసుకెళ్లొద్దు. పొడి వారంలోనే చప్పబడుతుంది. పావుకిలో గింజలే కొనండి, వేయించిన తేదీ చూసి కొనండి. చేత్తో తిప్పే చిన్న మర ఒకటి ఉంటే ఇంట్లో ఎప్పటికప్పుడు ఆడించుకోవచ్చు. గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికీ ఎండకీ దూరంగా పెట్టండి, ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. కోత జనవరితో ముగిసి, ఎండబెట్టి పెంకు తీశాక, కొత్త పంట నగరంలోని రోస్టర్ల దగ్గరికి చేరేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కాఫీ కోసమే విశాఖ వెళ్లాలనుకుంటే అప్పుడు వెళ్లండి.